లింకు అందరికీ ఇచ్చాం, రాసిందెవరు?

ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు ఉపాధ్యాయుడు లెక్క చేయమని భీమ్‌రావును నల్లబల్ల దగ్గరికి పిలిచాడు. తరగతిలో ఒక్కసారిగా గోల లేచింది. సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలు ఆ బల్ల వెనకాల ఉండేవి. భీమ్‌రావు బల్లను తాకేలోపే వాళ్లు పరుగెత్తుకెళ్లి తమ డబ్బాలు తీసేసుకున్నారు. ధనంజయ్ కీర్ రాసిన అంబేడ్కర్ జీవితచరిత్రలో ఉన్న ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. ఈ మధ్య నాకది పదే పదే గుర్తొస్తోంది. ఎందుకంటే ఇప్పుడు ఆ బల్ల విద్యార్థుల చేతుల్లోని ఫోన్లలోకి వచ్చింది. అందరూ ఒకేసారి రాయగలిగే గూగుల్ డాక్యుమెంటు, అందరూ చీటీలు అంటించగలిగే ప్యాడ్‌లెట్ గోడ, ఒకే పాఠం మీద అందరూ వ్యాఖ్యలు రాసుకునే సాధనాలు మన తరగతుల్లో మామూలైపోయాయి. వీటిని తాకితే ఎవరూ పరుగెత్తరు. డబ్బాలు తీసుకోరు. కాబట్టి ఇక్కడ కులం లేదని మనం నమ్మేస్తున్నాం. నేనూ నమ్మాను.

నేను డిగ్రీ విద్యార్థులకు సోషియాలజీ చెబుతాను. ఒక సెమిస్టర్‌లో ఐదుగురికో బృందం చొప్పున చేసి, బృందానికో డాక్యుమెంటు లింకు ఇచ్చాను. 'ఊరి పటం: ఎవరి ఇల్లు ఎక్కడ, ఎందుకక్కడ' అన్నది అంశం. ఎవరితో ఎవరు కలవాలో వాళ్లనే తేల్చుకోమన్నాను. అది ప్రజాస్వామ్యం అనుకున్నాను. చివరి రోజు ఒక బృందం నుంచి ల్యాప్‌టాప్ ఉన్న అబ్బాయి ముందుకొచ్చి చక్కగా మాట్లాడాడు. అతనికి 20కి 18 వేశాను. అదే బృందంలో మాట్లాడకుండా పక్కన నిలబడ్డ అమ్మాయికి 11 వేశాను.

వారం తర్వాత ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. "మార్కులు పెంచమని అడగట్లేదు మేడమ్. ఆ డాక్యుమెంట్ హిస్టరీ ఒకసారి తెరిచి చూడండి, చాలు" అంది.

తెరిచాను. డాక్యుమెంటులో ఎవరు ఎప్పుడు ఏం రాశారో, ఏం చెరిపారో ఆ హిస్టరీలో ఉంటుంది. మూడు రాత్రులు, 11 గంటల తర్వాత, ఆ అమ్మాయి రాస్తూనే ఉంది. పగలు నాన్న పనికి పట్టుకెళ్లే ఫోన్ రాత్రి గానీ తన చేతికి రాదట. ఊరి బోరు ఎటువైపు వేశారు, పేటకు నీళ్లు ఏ వేళకు వదులుతారు, శ్మశానానికి వెళ్లే దారి మీద తగాదా ఎలా వచ్చింది, ఇవన్నీ తన నాయనమ్మను అడిగి రాసింది. ప్రెజెంటేషన్ ముందురోజు సాయంత్రం ఒక్కసారిగా ఆ భాగం మొత్తం కత్తిరించి వేరేచోట అతికించారు. పైన ఆ అబ్బాయి పేరుంది. శ్మశానం దారి గురించిన రెండు పేరాలు పోయాయి. పక్కన 'టాపిక్‌కి సంబంధం లేదు' అని ఒక వ్యాఖ్య. దాని కింద ఆ అమ్మాయి జవాబు: 'ఇది మా పేట విషయం, ఉంచండి.' ఎవరో రిజాల్వ్ గుర్తు నొక్కారు. పేజీలోంచి ఆ సంభాషణ మాయమైంది.

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని వచ్చినదాన్ని. కులం ఏ రూపంలో వచ్చినా పసిగడతానని నాకో నమ్మకం ఉండేది. నా తరగతిలో, నేనిచ్చిన లింకులో అది జరుగుతుంటే నేను చూడలేదు. ఆ 18, ఆ 11 వేసిన చెయ్యి నాదే. ఆ అబ్బాయిని పిలిచి అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీట్‌గా చేద్దామని సర్దాను మేడమ్" అన్నాడు. అబద్ధం చెబుతున్నాడని నాకనిపించలేదు. ఇంకొకరి మాటను సర్దే హక్కు తనకుందా అన్న ప్రశ్న అతనికి ఎన్నడూ ఎదురుకాలేదు. సమస్య అక్కడే ఉంది.

డిజిటల్ చదువు, కులం అనగానే మనం మొదట పరికరాల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం 2017-18లో గ్రామీణ కుటుంబాల్లో 15 శాతానికి మాత్రమే ఇంటర్నెట్ సౌకర్యం ఉంది. కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. ఆ పునాది మీదే 2020లో దేశమంతా ఆన్‌లైన్ చదువులు మొదలుపెట్టారు. 2020 జూన్ 1న, కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే, మలప్పురం జిల్లాలో 9వ తరగతి చదువుతున్న ఒక దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది. స్మార్ట్‌ఫోన్ లేదు. తండ్రి రోజుకూలీ. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల పిల్లల మధ్య చేసిన సర్వేలో, గ్రామాల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 8 శాతమే అని తేలింది. అందులోనూ దళిత, ఆదివాసీ పిల్లలు 4 శాతం, మిగతావాళ్లు 15 శాతం. అంటే పేదరికం ఒకటే అయినా కులాన్ని బట్టి అందుబాటు మారింది.

కానీ పరికరం చేతికొచ్చాక ఏం జరుగుతుందన్నది రెండో ప్రశ్న. నా తరగతిలో ఆ అమ్మాయి చేతికి ఫోన్ వచ్చింది, లింకు వచ్చింది, రాసే అనుమతీ ఉంది. అయినా ఆమె మాట నిలవలేదు.

దీన్ని అర్థం చేసుకోవడానికి అంబేడ్కరైట్లమైన మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మహాడ్‌కి పోతే చాలు. ప్రజా నిధులతో నడిచే బావులు, చెరువులు, బడులు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. ఎస్.కె. బోలే దాన్ని ప్రతిపాదించాడు. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద అనుమతి వచ్చేసింది. నీళ్లు తాగడానికి మాత్రం 1927 మార్చి 20న వేలమంది కలిసి నడిచి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత దాడులు జరిగాయి. చెరువును 'శుద్ధి' చేశారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. 'అందరికీ తెరిచాం కదా' అనడానికీ, అందరూ దోసిలి పట్టగలగడానికీ మధ్య ఎంత దూరం ఉందో మహాడ్ మనకు నేర్పింది. 'లింకు అందరికీ ఇచ్చాం కదా' అనే అధ్యాపకులు 1924 నాటి తీర్మానం దగ్గరే ఆగిపోతున్నారు. కొన్నాళ్లు నేనూ అక్కడే ఆగాను.

కలిసి నేర్చుకోవడం అనే పద్ధతి చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం వివక్ష మీద పోరాటం నుంచే పుట్టిందని బీఈడీ తరగతుల్లో కూడా తగినంతగా చెప్పరు. 1971లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే బడిలో కూర్చోబెట్టారు. గొడవలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి జిగ్సా పద్ధతిని తయారుచేశాడు. పాఠాన్ని ముక్కలు చేసి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఆ ముక్క ఇంకెవరి దగ్గరా ఉండదు. కాబట్టి ప్రతి ఒక్కరూ మిగతావాళ్ల మాట వినక తప్పదు. అంతకుముందే 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ ఒక హెచ్చరిక చేశాడు. వేర్వేరు సమూహాల వాళ్లను ఒకచోట కలిపినంత మాత్రాన ద్వేషం తగ్గదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైన ఉన్న అధికారం మద్దతు, ఈ నాలుగూ కావాలన్నాడు. నేను ఇచ్చిన గూగుల్ డాక్యుమెంటులో ఉమ్మడి లక్ష్యం ఒక్కటే ఉంది. సమాన హోదా లేదు. కాబట్టి సహకారం ఒకరు రాస్తే ఇంకొకరు సర్దుకునే తీరుకు దిగింది. అధికారం నాదే అయినా దాన్ని నేను వాడలేదు.

తర్వాతి సెమిస్టర్ నుంచి నేను మార్చుకున్నవి చెబుతాను. ఇవి పెద్ద సిద్ధాంతాలేమీ కావు. తోటి అధ్యాపకులు రేపే చేయగలిగినవి.

బృందాలు నేనే వేస్తాను. 'ఇష్టమైనవాళ్లతో కలవండి' అంటే మన సమాజంలో ఏమవుతుందో పెళ్లిసంబంధాలు చూసేవాళ్లను అడిగితే చెబుతారు. పేట నుంచి వచ్చిన విద్యార్థి ఏ బృందంలోనూ ఒంటరిగా మిగలకుండా చూస్తాను. రాసేవారు, ఆధారాలు వెతికేవారు, ప్రశ్నించేవారు, నిలబడి చెప్పేవారు, ఈ పనులు ప్రతి వారం మారతాయి. ఇంకొకరి వాక్యాన్ని మార్చాలంటే నేరుగా చెరపకూడదు. సూచనగా మాత్రమే పెట్టాలి. గూగుల్ డాక్యుమెంటులో సజెస్టింగ్ అనే పద్ధతి అందుకే ఉంది. రాసినవాళ్లు ఒప్పుకుంటేనే మార్పు నిలుస్తుంది. ఈ చిన్న నియమం తెచ్చిన తేడా చూసి నేనే ఆశ్చర్యపోయాను. మొదటిసారి వాళ్లు ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

పని ఇచ్చేటప్పుడు తరగతిలో అన్నిటికన్నా చవకైన ఫోన్‌ను లెక్కలోకి తీసుకుంటాను. అందరూ ఒకే సమయానికి ఆన్‌లైన్‌లోకి రావాలన్న నిబంధన పెట్టను. కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టినా అది పూర్తి పనే. మార్కులు వేసేముందు హిస్టరీ చూస్తాను. చూస్తానని మొదటి రోజే చెబుతాను. అయితే దాన్ని నిఘాగా మార్చకూడదు. ఎవరు ఎన్ని అక్షరాలు కొట్టారన్నది ఆలోచనకు కొలత కాదు. పొలం గట్టు మీద కూర్చుని నోటితో చెప్పి, స్నేహితురాలి చేత టైపు చేయించుకున్న విద్యార్థి కూడా ఉంటుంది. హిస్టరీని చూసి తీర్పు ఇవ్వను. దాన్ని చూసి ప్రశ్న అడుగుతాను.

ఇక ఆలోచనకు పనికొచ్చే సాధనాల సంగతి. డేవిడ్ జొనాసెన్ అనే విద్యావేత్త కంప్యూటర్ నుంచి నేర్చుకోవడం వేరు, కంప్యూటర్‌తో కలిసి ఆలోచించడం వేరు అని చెప్పి, రెండో రకం వాడకాన్ని మైండ్‌టూల్స్ అన్నాడు. అలాంటివాటిలో నాకు బాగా ఉపయోగపడింది భావపటం. 1970లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ బృందం దీన్ని రూపొందించింది. భావాలను గడుల్లో రాసి, గీతలతో కలిపి, ప్రతి గీత మీద ఆ రెంటి సంబంధం ఏమిటో ఒక మాట రాయాలి. సీమ్యాప్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీనికోసమే ఉంది. కంప్యూటర్ లేనివాళ్లు పాత క్యాలెండర్ వెనక గీసి ఫొటో పెట్టారు.

'కులం, పెళ్లి' అన్న పాఠానికి జిగ్సానూ భావపటాన్నీ కలిపాను. ఐదుగురిలో ఒకరు 1916 మే 9న కొలంబియాలో అంబేడ్కర్ చదివిన 'భారతదేశంలో కులాలు' పత్రం చదవాలి. ఒకరు 1873లో వచ్చిన ఫూలే 'గులాంగిరి' చదవాలి. ఒకరు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం చూడాలి. ఒకరు ఆదివారం పత్రికల్లో పెళ్లి ప్రకటనలు లెక్కపెట్టాలి. ఒకరు తమ ఇంట్లోనో వీధిలోనో ఒక ముసలావిడను కూర్చోబెట్టి ఆమె పెళ్లి ఎలా జరిగిందో అడగాలి. ఈ ఐదోది ల్యాప్‌టాప్‌తో కొనలేని ముక్క. పటాలు గీసినప్పుడు ఒక బృందం 'పెళ్లి' నుంచి 'కులం'కి గీత గీసి 'వల్ల' అని రాసింది. పెళ్లి వల్ల కులం నిలుస్తోందని. ఇంకో బృందం అదే గీత మీద 'కోసం' అని రాసింది. పెళ్లి కులం కోసమే జరుగుతోందని. ఆ ఒక్క మాట మీద గంటసేపు వాదించుకున్నారు. కులానికి మూలం అంతర్వివాహమే అని 1916లో పాతికేళ్ల అంబేడ్కర్ ఎందుకన్నాడో ఆ గంటలో వాళ్లకు తెలిసింది. నేను పదేళ్లు ఉపన్యాసం చెప్పినా అంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే 'కుల నిర్మూలన' సారాంశం అర నిమిషంలో వస్తుంది. విద్యార్థులు అడుగుతున్నారు, వద్దంటే ఆగరు. సారాంశం తెచ్చుకోండి, దాన్ని తరగతిలో పెట్టి అంబేడ్కర్ వాక్యాలతో పోల్చండి అంటాను. 1936 నాటి ఆ ప్రసంగపాఠాన్ని ప్రొఫెసర్ ఫ్రాన్సిస్ ప్రిచెట్ సంపాదకత్వంలో కొలంబియా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. రచనలు, ప్రసంగాల సంపుటాలు మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. హైపొథిసిస్ అనే సాధనంతో వెబ్‌పేజీ అంచున బృందమంతా వ్యాఖ్యలు రాసుకోవచ్చు. సారాంశంలో ఏ కోపం చల్లారిందో, ఏ వాదం మెత్తబడిందో విద్యార్థులే పట్టుకుంటారు. కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన అన్న ముక్క సారాంశంలో ఒక్క పంక్తిగా వస్తుంది. పాకీపని చేసే మేనమామ ఉన్న విద్యార్థి ఆ పంక్తి పక్కన రాసిన వ్యాఖ్య మాత్రం ఏ యంత్రం నుంచీ రాదు.

పేర్ల సంగతీ చెప్పాలి. ఉమ్మడి డాక్యుమెంటులో రాస్తుంటే మన పేరు రంగు జెండాలా కదులుతుంది. తెలుగునేల మీద ఇంటిపేరు చూసి ఊరూ కులమూ లెక్కగట్టేవాళ్లకు కొదవలేదు. తెరమీద ఏ పేరు కనబడాలో విద్యార్థిని నిర్ణయించుకోనివ్వాలి. భయపడే ప్రశ్నలకు పేరు లేని చీటీలు మంచివే. పేరు లేకపోవడం తిట్టేవాళ్లకూ ముసుగవుతుంది కాబట్టి చర్చంతా అలా నడపకూడదు. ఇక బాహాటంగా తిట్టేవాళ్లకు ముసుగు కూడా అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల సన్నాహక కోర్సు ఆన్‌లైన్ తరగతిలో ఒక అధ్యాపకురాలు విద్యార్థులను దూషించిన వీడియో దేశమంతా చూసింది. తరగతి గది తలుపులు మూసి ఉంటే ఆ మాటలకు సాక్ష్యం ఉండేది కాదు. సాధనం హింసకు చోటిచ్చింది, దానికి రుజువునూ మిగిల్చింది. ఆ రుజువు ఎవరి చేతిలో ఉండాలి, ఎన్నాళ్లు ఉండాలి, దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నది ప్రతి కాలేజీ ముందే రాసిపెట్టుకోవాలి. సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనల్లోనే చెప్పింది. ఆ అధికారి పరిధిలోకి వాట్సాప్ గ్రూపూ గూగుల్ డాక్యుమెంటూ వస్తాయని మన కాలేజీలు నోటీసు బోర్డు మీద రాస్తే ఖర్చేమీ కాదు.

'ప్రతిదాంట్లో కులం వెతుకుతారేమిటి' అనే సహోద్యోగులున్నారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే. హిస్టరీ తెరవండి. 'ఈ సాధనాలన్నీ వదిలేసి సుద్దముక్కకు తిరిగి వెళ్దాం' అనేవాళ్లూ ఉన్నారు. సుద్దముక్క రోజుల్లో మన పిల్లలు ఎక్కడ కూర్చున్నారో మర్చిపోయినవాళ్లే ఆ మాట అనగలరు. ఎవరి మాట ఎవరు చెరిపారో నల్లబల్ల ఎన్నడూ దాచిపెట్టలేదు. ఆ అమ్మాయి నాకు రుజువు చూపించగలిగింది ఈ కొత్త బల్ల వల్లే.

కానీ అధ్యాపకుల మంచితనం మీద వదిలేస్తే ఇది తేలదు. ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చని యూజీసీ 2021 మేలో ముసాయిదా పత్రంలో చెప్పింది. మరోవైపు కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద, 2021లో సవరించిన రేట్ల ప్రకారం, సాధారణ డిగ్రీ చదివే ఎస్సీ డే స్కాలర్‌కు ఏడాదికి ఇచ్చే అకడమిక్ భత్యం 3,000 రూపాయలు. హాస్టల్లో ఉంటే 6,000. దాంతో ల్యాప్‌టాప్ కాదు కదా, మంచి ఫోన్ కూడా రాదు. చదువులో 40 శాతాన్ని తెరమీదికి మార్చేవాళ్లు ఆ తెర ఖర్చును విద్యార్థి మీద వేయడం న్యాయం కాదు. పరికరాన్ని స్కాలర్‌షిప్‌లో భాగం చేయాలి. హాస్టళ్లలో రాత్రి 11 తర్వాత కూడా పనిచేసే ఇంటర్నెట్ ఉండాలి. బృందం పనికి మార్కులు వేసే ప్రతిచోటా ఎవరి శ్రమ ఎంతో చూసే పద్ధతిని సిలబస్‌లోనే రాయాలి.

విద్యార్థులకు ఒక మాట. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో గ్రామాల పేజీలు వేలల్లో ఉన్నాయి. చాలా పేజీల్లో మన జనాభా అంకె ఉంటుంది, మన కథ ఉండదు. అచ్చయిన ఆధారం లేనిదే అక్కడ రాయనివ్వరు. నాయనమ్మ మాట ఆధారం కాదు. కాబట్టి ముందు ఆ మాటను మనమే అచ్చువేయాలి. కాలేజీ పత్రికలో, పరిశోధన పత్రంలో, ఇలాంటి వేదికల మీద. చదువుకోండి, సమీకరించండి, పోరాడండి అన్నది మన నినాదం. కలిసి చదువుకోవడం ఆ నినాదంలోనే ఉంది.

ఆ అమ్మాయి మార్కులు సరిచేశాను. శ్మశానం దారి గురించిన రెండు పేరాలను హిస్టరీ నుంచి వెనక్కి తెచ్చి, ఆమె పేరుతోనే తరగతి ముందు చదివించాను. చదువుతుంటే మొదట గొంతు వణికింది. రెండో పేరాకు వచ్చేసరికి వణుకు తగ్గింది. ఆ బృందంలోని అబ్బాయి లేచి ఒక ప్రశ్న అడిగాడు: "ఆ దారి ఇప్పుడు తెరిచే ఉందా?"

ఆమె చెప్పింది: "లేదు."

జై భీమ్.